ఇంగ్లీషు బోధన – ఒక వృత్తి పుట్టుపూర్వోత్తరములు

వైద్యుడు కాదలచినవాడు వైద్య కళాశాలకు పోవును. న్యాయవాది కాదలచినవాడు న్యాయశాస్త్రము చదివి, పెద్ద వకీలు వద్ద కొంతకాలము కాగితములు మోసి, పిదప కోర్టు మెట్లెక్కును. కాని ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఆ భాష నేర్పుటయే తన వృత్తిగా చేసికొనదలచిన యువకునకు ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఇట్టి రాజమార్గమేదియు లేదు. అట్టి వృత్తి యొకటి ఉండదగునని కూడ పెక్కుమంది తలపలేదు. ఇంగ్లీషు వచ్చినవాడు ఇంగ్లీషు చెప్పును, అందులో వేరుగా నేర్చుకొనవలసినది ఏమున్నదని లోకుల భావము. ఈ భావము తప్పని ఋజువు చేయుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. ఆ పనిచేసినవారిలో నేడు మనము ముఖ్యముగా ముగ్గురిని గూర్చి ముచ్చటించుకొందము. ఒకడు పట్టభద్రుడు కాడు. ఒకడు ఢాకాలో సర్కారు ఉద్యోగి. మూడవవాడు సాహిత్యము చెప్పుటకై జపాను పోయినవాడు. ముగ్గురును ఆంగ్లేయులే, కాని వారి విద్య పండినది ఇంగ్లండులో కాదు, బెల్జియములో, జపానులో, వంగదేశములో. ఆ పంట గింజలు తుదకు మన హైదరాబాదు నగరములో కూడ చల్లబడినవి.

మన దేశమున ఇంగ్లీషు చదువునకు ప్రభుత్వము పట్టము కట్టినది 1835లో. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు వెలసినవి. అది మొదలు ఇంగ్లీషు వచ్చినవానికి గుమాస్తా పని మొదలు డిప్యూటీ కలెక్టరు పదవి వరకు దారి దొరకినది. ఆ దారి చూపినవాడు హైస్కూలులోని ఇంగ్లీషు మాస్టరు. తెలుగు జిల్లాలలో ఆయన గౌరవమునకు లోటులేదు. తలపాగాయు, పొడుగు కోటును చూచి వీధి అరుగులమీది పెద్దలు సైతము లేచి నిలుచుండెడివారు. బి.ఏ. ప్యాసయి, సైదాపేటలోనో రాజమహేంద్రవరములోనో ఎల్.టి. శిక్షణ పొందినచో ఉద్యోగము స్థిరపడెడిది. అయితే ఆ శిక్షణ అన్ని విషయములు చెప్పువారికిని చాలవరకు ఉమ్మడిది. తరగతిలో ఆయన పద్యము చదివి, కఠిన పదములకు అర్థము చెప్పి, వాక్యమును ముక్కలు చేసి వ్యాకరణము విప్పి, ఆపై తెలుగు నుండి ఇంగ్లీషునకు అనువాదము చేయించెడివాడు. ఇంగ్లండు పాఠశాలలలో లాటిను చెప్పు పద్ధతి ఇదియే. ఎవరును మాటలాడని భాషకై పుట్టిన పద్ధతిని ఓడలమీదను, కచ్చేరీలలోను రాత్రింబగళ్లు మ్రోగుచున్న భాషకు తగిలించిరి. అయినను కొందరు మహామేధావులు ఆ పద్ధతిలోనే అద్భుతమైన ఇంగ్లీషు నేర్చిరి. మిగిలినవారి మాట ఎవరును అడుగలేదు.

ఈ పాత పద్ధతికి తగిలిన గట్టి దెబ్బలలో ఒకటి పండితుని వలన గాక ఒక వ్యాపారి వలన తగిలినది. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణమున మాక్సిమిలియన్ బెర్లిట్జ్ అను నాతడు భాషల బడి నడుపుచుండెను. ఫ్రెంచి చెప్పుటకై జోలీ అను ఫ్రెంచివానిని ఉత్తరముల మూలముగా కుదుర్చుకొనెను. ఆ పెద్దమనిషి వచ్చిన తరువాత గాని ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్కయు రాదని తెలియలేదు. ఇంతలో బెర్లిట్జ్ జబ్బుపడెను. వస్తువులు చూపియో, సైగలు చేసియో ఎట్లో పాఠము నడుపుమని జోలీకి చెప్పి మంచమెక్కెను. కొన్ని వారములకు లేచి వచ్చి చూడగా విద్యార్థులు ఫ్రెంచిలో ఉత్సాహముగా ప్రశ్నోత్తరములు సాగించుచుండిరట. ఇది ఆ సంస్థవారు తమ పుట్టుకను గూర్చి చెప్పుకొను కథ. కథ ఎట్లున్నను, నేర్చుకొను భాషలోనే ఆ భాషను నేర్పు ఈ విధానము ఐరోపా నగరములన్నిటను బడులు తెరిపించినది.

ఇందులో ఒక మెలిక కలదు. మాతృభాష మాటలాడుటయే బోధనకు చాలునన్నచో, బోధకునకు వేరు విద్య యక్కరలేదు. విద్య యక్కరలేనివానికి పెద్ద జీతమును అక్కరలేదు. చేతిలో కాసులేని ఆంగ్ల యువకులకు ఈ బడులు సత్రముల వంటివైనవి. 1904లో ఐర్లండు విడిచి వెళ్లిన జేమ్స్ జాయిస్, తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన నవలాకారుడు, పోలాలోను ట్రియెస్టులోను బెర్లిట్జ్ బడులలో ఇంగ్లీషు చెప్పియే పొట్టపోసికొనెను. ఇది ఉపాధి. వృత్తి యనుటకు ఇంకను వీలులేదు.

ఈ ప్రత్యక్ష పద్ధతి గాలి మన దేశమునకును వీచినది. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఉత్తరాంధ్ర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్సు దొర భాషాబోధనలో ఈ నూతన మార్గమునకు ఆదరము చూపినవాడు. తాను తెలుగు నేర్చుకొనబోవునప్పటికి పుస్తకములలోని తెలుగు ఒకటి, వీధిలోని తెలుగు ఇంకొకటియై కనబడినది. ఈ భేదమేమని విశాఖపట్టణములోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగెను. ఆ ప్రశ్న గురజాడ అప్పారావుగారి వద్దకును, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న గిడుగు రామమూర్తిగారి వద్దకును చేరినది. తరువాతి కథ మనకందరకు తెలిసినదే. మాటలాడెడు భాషతోనే భాష నేర్పవలెనన్న సూత్రమును ఒప్పుకొన్నచో, తెలుగు పిల్లవానికి ఏ తెలుగులో పాఠము చెప్పవలెనన్న ప్రశ్న తప్పదు కదా! ధ్వనిశాస్త్రమును స్వయంకృషితో అభ్యసించిన రామమూర్తిగారు ఆ ప్రశ్నను పట్టుకొని 1940లో కన్నుమూయు వరకు వదలలేదు. పరభాషా బోధనను గూర్చిన ఒక చర్చ మన స్వభాష చరిత్రనే మలుపు తిప్పినదనుట అతిశయోక్తి కాదు. ఇది ప్రత్యేకముగా ఒక ప్రసంగమునకు తగిన విషయము, ప్రస్తుతమునకు వత్తము.

హెరాల్డ్ పామర్ 1877లో లండనులో జన్మించెను. తండ్రి మొదట ఉపాధ్యాయుడు, పిదప ఒక చిన్న పట్టణమున పత్రిక నడిపినవాడు. కుమారుడు విశ్వవిద్యాలయము గడప త్రొక్కలేదు. 1902లో, ఇరువదియైదేండ్ల వయసున, ఉన్ని పరిశ్రమకు పేరుపొందిన బెల్జియము పట్టణము వెర్వియేకు పోయి, బెర్లిట్జ్ తరహా బడిలో ఇంగ్లీషు చెప్ప మొదలిడెను. అక్కడ చెప్పినవారందరు చెప్పి జీతము తీసికొని పోయిరి. ఈయన మాత్రము నేడు చెప్పిన పాఠము ఏల పారలేదో రాత్రి కూర్చుండి ఆలోచించెడివాడు. త్వరలోనే సొంత బడి పెట్టెను. పద్ధతులు మార్చి మార్చి చూచెను. పండ్రెండేండ్ల శ్రమ 1914లో జర్మను సైన్యములు బెల్జియముపై బడుటతో ఒక్క దెబ్బకు కూలినది. బడిని విడిచి, కుటుంబముతో స్వదేశము చేరవలసి వచ్చినది. వయసు ముప్పదియేడు, పట్టము లేదు, పదవి లేదు.

అట్టివానిని చేరదీసినవాడు లండను యూనివర్సిటీ కళాశాలలో ధ్వనిశాస్త్రాచార్యుడు డేనియల్ జోన్స్. ఈ జోన్స్ 1917లో వెలువరించిన ఉచ్చారణ నిఘంటువు రేడియో ఉద్యోగులకు చిరపరిచితము. వార్తలలో కొత్త పేరు వచ్చినప్పుడెల్ల అనౌన్సరు చేయి దానికై తడవుట నేనెరుగుదును. పట్టము లేనివాడని చూడక, భాషాబోధన పద్ధతులను గూర్చి ఉపన్యాసములిమ్మని ఆయన 1915లో పామరును పిలిచెను. ఆ ఉపన్యాసములనుండియే 1917లో భాషలను శాస్త్రీయముగా అధ్యయనము చేసి బోధించుటను గూర్చిన గ్రంథము, 1921లో భాషాభ్యాస సూత్రములను గూర్చిన గ్రంథము వెలువడినవి. వెర్వియే బడిలోని అనుభవము ఇట్లు మొదటిసారి శాస్త్రరూపము దాల్చినది.

పామర్ చెప్పినదేమి? చెవి ముందు, నోరు తరువాత, కన్ను ఆపైన. భాష నియమముల మూట కాదు, అలవాటుల కూర్పు. ఆ అలవాటును పెంచుటకు ఆయన ఎక్కువగా వాడిన సాధనము ఒక పట్టిక. వాక్యమును నాలుగు గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒకదానికి బదులు ఒకటి చెల్లునట్టి మాటలైదేసి వ్రాసినచో, ఇరువది ముక్కలతో 625 వాక్యములు తయారగును. ఒక్కటియు తప్పు వాక్యము కాదు. పిల్లవాడు తప్పు చేయుటకు అవకాశమే లేకుండ వందల వాక్యములు పలుకును. మన హైస్కూళ్లలో చదివినవారు ఇంగ్లీషు వాచకములలో ఈ పట్టికలను చూచియే యుందురు. అయితే ఆ 625 వాక్యములలో పిల్లవాడు నిజముగా ఎవరితోనైన చెప్పదలచినది ఒక్కటియైన కలదా యను సందేహము అప్పుడే కొందరకు కలిగినది. ఆ సందేహము అరువదేండ్ల తరువాత మన దక్షిణదేశముననే మరల తలయెత్తును.

1922లో పామర్ జపాను ఆహ్వానమందుకొనెను. విద్యావేత్త సవయనాగి లండనులో ఆయనను కలిసికొని పిలిచెను. ఖర్చు భరించినవాడు ఓడల పరిశ్రమాధిపతి మత్సుకాత. విద్యాశాఖకు భాషా సలహాదారుగా పామర్ పదునాలుగేండ్లు అక్కడ నుండెను. 1923లో టోకియోలో ఇంగ్లీషు బోధన పరిశోధనకై ఒక సంస్థను నెలకొల్పెను. అక్కడి పరిస్థితి మనకు కొత్త కాదు. ఇంగ్లీషు వాక్యమును జపాను భాషలోనికి ముక్కకు ముక్కగా మార్చుట, పై తరగతుల ప్రవేశపరీక్షకు సిద్ధపడుట, ఇంతే చదువు. మాటలాడించుడని పామర్ చెప్పినప్పుడు, పరీక్షలో మాటలు లేవు కదా యని ఉపాధ్యాయులు సమాధానమిచ్చిరి. వారిని తప్పుపట్టలేము. పిల్లల భవిష్యత్తు ఆ పరీక్షమీద ఆధారపడి యుండగా, పద్ధతి మంచిదైనంత మాత్రాన తండ్రులు ఊరకుందురా? పామర్ పూర్తిగా గెలువలేదు, పూర్తిగా ఓడనులేదు. కొన్ని పాఠశాలలు ఆయన మార్గమును పట్టినవి. పట్టభద్రుడు కాని ఆ మనిషికి 1935లో టోకియో ఇంపీరియల్ విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమిచ్చినది.

ఇక రెండవవాడు మైకేల్ వెస్ట్. ఈయన కథ వేరు. ఆక్సుఫర్డులో చదివి, 1912లో ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి ఢాకా వచ్చెను. అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధిపతియయ్యెను. జీతమునకును, పింఛనుకును కొదవలేదు. అట్టి ఉద్యోగులు అనేకులు క్లబ్బులో సాయంకాలములు గడిపి స్వదేశము చేరిరి. వెస్ట్ బడులు తిరిగి లెక్కలు తీసెను. ఇంగ్లీషు మొదలిడిన వంగ బాలురలో ఎక్కువమంది చదువు నడుమనే మానివేయుచున్నారు. రెండేండ్లో మూడేండ్లో చదివి మానినవానికి చేత మిగిలినదేమి? ఇక్కడ వెస్ట్ బీమా కంపెనీల భాష వాడెను. పాలసీ నడుమ ఆపినవానికి కంపెనీ కొంత సొమ్ము తిరిగి ఇచ్చును. దానిని సరెండర్ విలువ యందురు. చదువునకు కూడ అట్టి విలువ ఉండవలెను. ఏ తరగతిలో మానినను, అంతవరకు కట్టిన ఫీజుకు తగిన ఫలము పిల్లవాని చేత నుండవలెను. కొద్దిపాటి మాటలాడు ఇంగ్లీషుతో పల్లెటూరి కుర్రవాడు చేయగలిగినది లేదు. చదువగలిగినచో మాత్రము పుస్తకము జీవితాంతము వానికి తోడుండును. కావున మొదట చదువుట నేర్పుడని వెస్ట్ వాదము. ఈ విషయములను 1926లో వంగదేశపు ద్విభాషా సమస్యను గూర్చిన నివేదికలో ప్రకటించెను.

నా దృష్టిలో ఈ ముగ్గురిలోను పేదవాని ఇంటివైపు నుండి చదువును చూచినవాడు వెస్టు ఒక్కడే. అంతవరకు పాఠ్యక్రమములు వ్రాసినవారు తుద వరకు చదువు విద్యార్థిని మనసులో నుంచుకొని వ్రాసిరి. వెస్ట్ నడుమ మానివేయు వానికై వ్రాసెను.

వాచకములను పరిశీలింపగా ఆయనకు రెండు దోషములు కనబడినవి. ఇంగ్లండులోనే ఎవరును వాడని పాతకాలపు కవితాపదములు పిల్లల పాఠములలో కిక్కిరిసి యున్నవి. కొత్త మాటలును ఒకదానిమీద నొకటి వచ్చి పడుచున్నవి. పిల్లవాడు నాలుగడుగులు నడచుసరికి ఒక రాయి తగులును. వెస్ట్ పాత మాటలను ఏరివేసి, వాడుకలోని మాటలు పెట్టి, కొత్త మాటకును కొత్త మాటకును నడుమ ఎడము పెంచి, కొత్త పద్ధతి వాచకములు తయారుచేసెను. 1935లో వెలువడిన ఆయన నిఘంటువులో ఇరువదినాలుగు వేల మాటలకును నుడికారములకును అర్థములు కేవలము 1490 మాటలలో చెప్పబడినవి. అర్థము వెదకబోయి అర్థములోని మాటకు మరల అర్థము వెదకుకొను బాధ మనలో ఎవరికి తెలియదు? ఆ బాధ తీర్చుటకు ఒక మనిషి కూర్చుండి లెక్కవేయుట అదే మొదలనవచ్చును.

మాట ముందా, చదువు ముందా యని పామరునకును వెస్టునకును వాదము. కాని ఏ మాటలు ముందు నేర్పవలెనన్న విషయమున ఇద్దరును 1934లో కార్నెగీ సంస్థ న్యూయార్కులో పిలిచిన సమావేశమున ఒక్క బల్లచుట్టు కూర్చుండిరి. 1936లో నివేదిక వెలువడినది. దాని ఆధారముననే వెస్ట్ 1953లో సుమారు రెండువేల సామాన్య పదముల పట్టికను ముద్రించెను.

మూడవవాడు ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ. 1898లో చెస్టర్ పట్టణమున పుట్టి, లండనులో ఇంగ్లీషు సాహిత్యము చదివి, 1924లో జపాను దక్షిణదీవియగు క్యూషూలోని ఒయితా వాణిజ్య కళాశాలకు సాహిత్యము చెప్పుటకై పోయెను. వర్తకము నేర్వవచ్చిన విద్యార్థులకు కావలసినది కవిత్వము కాదు, నాలుగు వాక్యములు తప్పులేకుండ వ్రాయుట. ఈ విషయము గ్రహించినవాడు అనేకుల వలె విసిగి తిరిగిరాక, పామర్ సంస్థతో చేయి కలిపెను. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అను మరి యిద్దరు ఉపాధ్యాయులతో కూడి విద్యార్థులకై ఒక నిఘంటువు కూర్చెను. ఒక క్రియ తరువాత ఏ విధమైన నిర్మాణము వచ్చునో, ఒక నామమునకు బహువచనము చెల్లునో చెల్లదో, మాతృభాషగా గలవానికి ఎవరును చెప్పనక్కరలేదు. పరునకు ఇవియే ప్రాణాపాయములు. హార్న్‌బీ క్రియలను ఇరువదియైదు విధములుగా విభజించి ప్రతి క్రియకును గుర్తు పెట్టెను. ఆ నిఘంటువు టోకియోలో అచ్చయినది 1942లో. అప్పటికి జపానుకును బ్రిటనుకును యుద్ధము సాగుచున్నది. శత్రుదేశపు భాషకు నిఘంటువు అచ్చువేసిన ఆ ముద్రణాలయమునకు నమస్కరింపవలెననిపించును. 1948లో ఆక్సుఫర్డు వారు దానినే పునర్ముద్రించిరి. నేటి మన విద్యార్థుల బల్లలమీద నుండు అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు దాని సంతతియే.

యుద్ధానంతరము ఈ పనికి సంస్థల బలము వచ్చినది. 1943లోనే బి.బి.సి. వారు రేడియో ద్వారా ఇంగ్లీషు పాఠములు మొదలిడిరి. 1946లో బ్రిటిష్ కౌన్సిల్ అండతో ఇంగ్లీషు బోధనకే ప్రత్యేకించిన పత్రికను హార్న్‌బీ స్థాపించెను. తన నిఘంటువు తెచ్చిన సొమ్ముతో 1961లో ఒక ధర్మనిధి ఏర్పరచి, పరదేశముల ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఉన్నత శిక్షణ నిప్పించు ఏర్పాటు చేసెను.

స్వతంత్ర భారతమున ఇంగ్లీషు ఉండవలెనా పోవలెనా యను చర్చ తీవ్రముగా సాగుచున్న రోజులలోనే, ఉన్నంతవరకు చక్కగా నేర్పుట ఎట్లన్న విచారమును కలిగినది. 1956లో అలహాబాదులోను, 1958లో హైదరాబాదులోను శిక్షణ సంస్థలు వెలసినవి. హైదరాబాదులోనిది కేంద్ర ప్రభుత్వము ఫోర్డ్ ఫౌండేషన్ సహాయముతోను, బ్రిటిష్ కౌన్సిల్ సహకారముతోను స్థాపించిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ. తొలి సంవత్సరములలో దానికి సంచాలకులు వినాయక కృష్ణ గోకాక్‌గారు, కన్నడమున మహాకవి. ఇంగ్లీషు బోధనకు పీఠాధిపతి కన్నడ కవి యగుట కొందరకు వింతగా తోచియుండవచ్చును. నాకు అందే ఔచిత్యము కనబడుచున్నది. రెండవ భాషను సాధించినవానికి అది ఎక్కడ కొరుకుడు పడదో స్వానుభవమున తెలియును. పుట్టుకతో వచ్చినవానికి తెలియదు.

ఆ సంస్థకు జిల్లాల నుండి ఉపాధ్యాయులు వచ్చి, నెలల తరబడి ధ్వనిశాస్త్రము, వాక్య నిర్మాణము, పాఠ్యరచన నేర్చి పోవుచుండిరి. అంతవరకు వారికి జీవితమున తెలిసిన మెట్లు రెండే: అసిస్టెంటు మాస్టరు, హెడ్ మాస్టరు. ఇప్పుడు శిక్షకుడు, వాచకకర్త, పరిశోధకుడు అను మరికొన్ని మెట్లు కనబడినవి. ఆ సంస్థ ప్రచురణలలో ఆర్.కె. బన్సాల్‌గారి 1969 నాటి గ్రంథము నా వంటివారికి ఆసక్తికరము. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమగుచున్నదో ఆయన పరీక్షలు చేసి చూచిరి. అర్థము కాకపోవుటకు ప్రధాన కారణములలో అక్షరములకన్న ఊనిక ఎక్కువని తేలినది. మాటలో ఏ భాగమును నొక్కి పలుకవలెనో అది తప్పినచో, వినువాడు మాటనే పోగొట్టుకొనును. దొరల వలె పలుకుట గురి కాదు, అర్థమగునట్లు పలుకుట గురి యన్న మార్పు ఉపాధ్యాయునకు గొప్ప విమోచనము. 1972లో ఇతర విదేశీ భాషలును పేరులో చేరినవి. 2006 నాటి చట్టముతో ఆ సంస్థ కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది.

1950 తరువాత మన బడులలో వ్యాపించిన నిర్మాణ పద్ధతి పామర్ పట్టికల వంశములోనిదే. ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అని మూడు తరముల పిల్లలు పలికిరి. పుస్తకము కన్నుల యెదుట నుండగా అది పుస్తకమని ఎవరికి చెప్పుచున్నట్లు? పూర్వమొకప్పుడు కలిగిన సందేహము ఇక్కడ మరల తలయెత్తినది. మదరాసులో బ్రిటిష్ కౌన్సిల్ ఉద్యోగిగా నున్న ఎన్.ఎస్. ప్రభుగారు బెంగుళూరులోని ప్రాంతీయ ఆంగ్ల సంస్థతో కలిసి 1979 నుండి 1984 వరకు దక్షిణదేశపు కొన్ని సామాన్య పాఠశాలలలో ఒక ప్రయోగము నడిపిరి. అందు వ్యాకరణ క్రమము లేదు, వల్లెవేయించుట లేదు. పిల్లలకు రైళ్ల కాలపట్టికనో, ఊరి పటమునో ఇచ్చి, ఫలాని వేళకు ఫలాని ఊరు చేరుటకు ఏ బండి ఎక్కవలెనని అడుగుదురు. మొదట తరగతి అంతయు ఉపాధ్యాయునితో కలిసి ఒక సమస్యను సాధించును, పిదప అట్టిదే మరియొకటి ఎవరికి వారు సాధింతురు. మనసు లెక్కమీద నుండగా భాష దానంతటది పట్టుబడునని ప్రభుగారి నమ్మకము.

బ్రిటను నుండి వచ్చిన పరిశీలకులు ఈ పిల్లలను, పాత పద్ధతిలో చదివిన పిల్లలను పరీక్షించి చూచిరి. ఏ పద్ధతిలో చదివినవారు ఆ పద్ధతికి అనుకూలమైన పరీక్షలో మిన్నగా నిలిచిరి. ఏ పక్షమునకును చెందని పరీక్షలలో ప్రభుగారి పిల్లలు మొత్తముమీద ముందుండిరి. 1987లో ఆయన గ్రంథము వెలువడగా, ప్రపంచమున ఇంగ్లీషు చెప్పువారు బెంగుళూరు పేరుతో ఆ ప్రయోగమును చర్చింప మొదలిడిరి. ఆయన మాత్రము 1990లో ఒక వ్యాసము వ్రాసి, అన్నిటికన్న ఉత్తమమైన పద్ధతి యొకటి కలదనుటనే కాదనిరి. అప్పటికి ఆయన సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు ఉపాధ్యాయులకు పాఠములు చెప్పుచుండిరి.